గీజర్ లైటు వెలుగుతూనే ఉంది, నీళ్లు మాత్రం చల్లగానే: నా అనుభవం

మాది 25 లీటర్ల గీజర్, 2000 వాట్లది. వారంటీ ఎప్పుడో అయిపోయింది. అది ఆగిపోయిన సోమవారం నుంచి మళ్లీ సరిగ్గా పనిచేసేదాకా దాదాపు రెండు వారాలు పట్టింది. అందులో అసలు రిపేరు పని మొత్తం కలిపినా ఒక పూట కూడా ఉండదు, మిగతాదంతా ఎదురుచూపులు, ఫోన్లు, పొయ్యి మీద నీళ్లు కాచుకోవడాలు. ఇదే తలనొప్పిలో ఉన్నవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సోమవారం పొద్దున స్విచ్ వేసి అరగంట ఆగి కుళాయి తిప్పితే ఐసు నీళ్లు. గోడ మీద స్విచ్ బోర్డులో లైటు వెలుగుతోంది కాబట్టి కరెంటు వస్తోంది. కానీ గీజర్ కింద దాని సొంత లైటు ఒకటి ఉంటుంది కదా, అది వెలగట్లేదు. ఎంసీబీ (ఎక్కువ కరెంటు లాగితే తెంపేసే స్విచ్) పడలేదు. ప్లగ్ పీకి చూస్తే పిన్నులు నల్లబడలేదు, కాలిన వాసన లేదు. 2000 వాట్లంటే తొమ్మిది ఆంపియర్లకి దగ్గర్లో లాగుతుంది, 16 ఆంపియర్ల సాకెట్‌లో కూడా ప్లగ్ వదులుగా ఉంటే అక్కడే వేడెక్కి కరిగిపోతుందని విన్నాను, అందుకే ముందు అది చూశాను. బాగానే ఉంది.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. కొన్ని నెలలుగా గీజర్ ఆన్ చేసినప్పుడల్లా లోపల్నుంచి గురగురమని, మధ్యమధ్యలో టిక్ టిక్ మని శబ్దం వచ్చేది. మా అత్తయ్య "దీని కడుపులో ఏదో ఉందే" అని నవ్వేవారు. నిజంగానే ఉందని తర్వాత తెలిసింది.

మా తమ్ముడికి ఫోన్ చేశాను, వాడికి ఈ కరెంటు పనులు బాగా తెలుసు. "అక్కా, కటౌట్ పడి ఉంటుంది" అన్నాడు. వాడు చెప్పిన దాని ప్రకారం గీజర్‌లో కాపలా రెండుంటాయి. థర్మోస్టాట్ అనేది మనం పెట్టుకున్న వేడి రాగానే ఆపేసి, చల్లారాక తనంతట తానే మళ్లీ కలుపుతుంది. అది ఆపకపోయినా, లోపల ఎక్కడైనా వేడి హద్దు దాటినా కటౌట్ పూర్తిగా తెంపేస్తుంది, మనం చేత్తో నొక్కితే తప్ప మళ్లీ కలవదు. ప్లగ్ పూర్తిగా పీకేసి, ఎంసీబీ కూడా దించేసి, కింద మూత స్క్రూలు విప్పాను. వైర్ల మధ్యలో కందిగింజంత ఎర్ర బొడిపె ఒకటి ఉంది. పెన్ను మొనతో నొక్కితే టక్ మంది. మూత బిగించి స్విచ్ వేస్తే లైటు వెలిగింది, అరగంటలో వేడినీళ్లు. ఒక్క పైసా ఖర్చు లేకుండా అయిపోయిందని ఎంత సంబరమో! తమ్ముడు మాత్రం "అది ఊరికే పడదక్కా. మళ్లీ పడితే మళ్లీ నొక్కేసి ఊరుకోకు" అన్నాడు.

బుధవారం మళ్లీ పడింది.

ఈసారి నొక్కలేదు, గీజర్ కంపెనీ సర్వీసుకి కంప్లయింట్ పెట్టాను. 48 గంటల్లోపు వస్తామని మెసేజ్. శుక్రవారం పది నుంచి ఆరు మధ్యలో వస్తామన్నారు. పది నుంచి ఆరు అంటే రోజు మొత్తం అని అర్థం, సెలవు పెట్టుకుని కూర్చోవాలి. వచ్చింది ఆరు దాటాక. అతని చేతిలో టెస్టరూ స్క్రూడ్రైవరూ తప్ప కొలిచే మల్టీమీటర్ లేదు. మూత విప్పాడు, ఒకసారి తొంగి చూశాడు, "థర్మోస్టాట్ పోయింది మేడమ్" అన్నాడు. కొలవకుండా ఎలా తెలిసిందని అడిగితే "ఈ మోడల్‌లో ఇదే పోతుంది" అన్నాడు. శబ్దం గురించి చెప్పాను. "పాతదైతే అలాగే వస్తుంది." మా మోడల్‌లో థర్మోస్టాట్, కటౌట్ కలిపి ఒకే ముక్కగా వస్తుంది, అది తీసి కొత్తది పెట్టాడు, పావుగంటలో పని ముగించాడు. బిల్లు చూస్తే పార్టు కన్నా ఇంటికొచ్చినందుకు వేసిందే ఎక్కువ. తీసేసిన పాత పార్టు అతను సంచిలో వేసుకోబోతుంటే అడిగి తీసుకున్నాను. ఎందుకడిగానో ఆ క్షణాన నాకే తెలీదు, డబ్బులిచ్చాం కదా అని కావచ్చు. మీరూ అడిగి తీసుకోండి, తర్వాత చెప్తాను.

శని ఒక్కరోజు బాగానే నడిచింది. ఆదివారం ఇంకో రకం వింత మొదలైంది: ఇప్పుడు గీజర్ లైటు చక్కగా వెలుగుతోంది, నీళ్లు మాత్రం చల్లగానే ఉన్నాయి. అరగంట, గంట, గంటన్నర, ఏమీ లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. తమ్ముడికి మళ్లీ ఫోన్. వాడు అడిగిన మొదటి ప్రశ్న: "లైటు వెలుగుతోందా అని కాదక్కా, ఆరుతోందా లేదా అది చెప్పు ముందు."

ఆరట్లేదు. అదే అసలు ఆనవాలట. మా గీజర్‌లో ఆ లైటు థర్మోస్టాట్ తర్వాత, నీళ్లు కాచే ఎలిమెంట్‌కి పక్కనే కలిపి ఉంటుంది. థర్మోస్టాట్ దాటి కరెంటు వస్తే అది వెలుగుతుంది, అంతే. ఎలిమెంట్ తెగిపోయినా వెలుగుతుంది. నీళ్లు వేడెక్కవు కాబట్టి థర్మోస్టాట్ ఎప్పటికీ ఆపదు, లైటు ఎప్పటికీ ఆరదు. అదే మొదటి సోమవారంలా లైటే రాకపోతే ఎలిమెంట్ కన్నా ముందున్న దేన్నో చూడాలి. అన్ని మోడళ్లలో లైటు ఇదే చోట కలపరు, అందుకని గుడ్డిగా నమ్మొద్దని కూడా చెప్పాడు.

ఏదీ విప్పకుండా నిర్ధారించుకోవడానికి వాడే ఇంకో ఉపాయం చెప్పాడు, ఇది నాకు బాగా నచ్చింది. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపేసి, కరెంటు మీటర్ దగ్గరికెళ్లి అక్కడ మినుకుమినుకుమనే చిన్న లైటు చూడమన్నాడు. మా మీటర్ మీద యూనిట్‌కి 3200 ఇంపల్సులని రాసుంది, అంటే 2000 వాట్లు లాగుతుంటే సెకనుకి దాదాపు రెండుసార్లు మెరవాలి. మా ఆయన లోపల గీజర్ స్విచ్ వేసి "వేశా!" అని అరుస్తారు, నేను మీటర్ ముందు నిలబడి కళ్లార్పకుండా చూస్తున్నా. స్విచ్ వేయకముందు ఎలా ఉందో వేశాకా అలాగే ఉంది, ఒక్క మెరుపు లేదు. గీజర్ అసలు కరెంటే తీసుకోవట్లేదు. లైటు వెలగడానికి పట్టే కాస్తంత కరెంటు మీటర్‌కి ఏం ఆనుతుంది?

సోమవారం కంపెనీకి ఫోన్ చేస్తే ఇది వేరే సమస్య కాబట్టి కొత్త కంప్లయింట్ అన్నారు, మళ్లీ విజిటింగ్ చార్జీ అన్నారు. ఆ వెంటనే ఇంకో మాట: "మేడమ్, ట్యాంక్ పోయి ఉండొచ్చు, ఎక్స్ఛేంజ్ ఆఫర్‌లో కొత్తది తీసుకోండి." ఇక్కడ నాకు ఒళ్లు మండింది. ట్యాంక్ పోతే నీళ్లు కారతాయి గానీ చల్లబడవు కదా! కింద ఒక్క చుక్క తడి లేదు. ఫోన్లో చూడకుండానే ట్యాంక్ పోయిందని చెప్పేవాళ్లు ఇంటికొచ్చి ఏం చూస్తారని ఆ దారి వదిలేశాను. పక్కింటివాళ్లు ఒక పెద్దాయన నంబరు ఇచ్చారు. ఆయన బుధవారం దాకా ఖాళీ లేదన్నారు, సరేనన్నాను.

ఆ రెండు రోజులూ పొయ్యి మీద గిన్నెలే. మరిగే నీళ్లు వంటింట్లోంచి బాత్రూమ్ దాకా మోయడం ఎంత ప్రమాదమో మోస్తే గానీ తెలీదు, నేల తడిగా ఉందంటే అంతే సంగతులు. నిండుగా పెట్టకుండా సగం సగం మోసుకోవడం, ముందు బకెట్లో చన్నీళ్లు పోసి తర్వాత వేడివి కలపడం, ఇంట్లో అందరికీ అదే రూల్ పెట్టాను.

బుధవారం పొద్దున్నే పెద్దాయన వచ్చారు. వచ్చీ రాగానే అడిగింది మీటరు గురించి కాదు, "మీకు బోరు నీళ్లా అమ్మా?" అని. అవునన్నాను. ప్లగ్ తీయించి, మూత విప్పి, ఎలిమెంట్ వైర్లు ఊడదీసి మల్టీమీటర్ పెట్టారు. 230 వోల్టుల మీద 2000 వాట్ల ఎలిమెంట్‌కి 26 ఓములకి కాస్త అటూ ఇటూ రావాలట. మీటర్‌లో అసలు అంకే రాలేదు, అంటే లోపల తీగ తెగిపోయింది. రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాల పని ఆ శుక్రవారమే చేసుంటే!

ఇక ట్యాంక్ ఖాళీ చేయడం. నేను వేడినీళ్ల కుళాయి తిప్పితే ఖాళీ అవుతుందనుకున్నా, కాదట. చన్నీళ్లు కింద నుంచి లోపలికెళ్లి, పైన చేరిన వేడినీళ్లని బయటకి నెడతాయి. వచ్చే నీళ్లు ఆగిపోతే ట్యాంక్ నిండుగానే ఉండిపోతుంది. అందుకని చన్నీళ్లు వచ్చే పైపు ఊడదీసి అటునుంచే వదలాలి, గాలి లోపలికి వెళ్లడానికి రెండో పైపు కూడా వదులు చేయాలి. అయితే గీజర్ కింది వాల్వు ఎన్నాళ్లుగానో తిప్పకపోవడంతో బిగుసుకుపోయింది, ఎంత తిప్పినా నీళ్లు పూర్తిగా ఆగట్లేదు. చివరికి మేడ మీద మెయిన్ వాల్వు కట్టేయాల్సొచ్చింది, ఇంటి మొత్తానికి నీళ్లు బంద్. ఎవరైనా రిపేరుకి వచ్చే ముందు ఒక రెండు బకెట్లు పట్టి పెట్టుకోండి.

వచ్చిన నీళ్లలో తెల్లటి రవ్వలు, పెంకులు. తర్వాత బోల్టులు విప్పి ఎలిమెంట్ లాగితే రాదే! లోపలికి వెళ్లిన రంధ్రంలోంచే మళ్లీ బయటికి రావడానికి పట్టనంత లావైపోయింది. ఆయన కదిపి కదిపి, కొంచెం కొంచెం రాలగొట్టి, చాలాసేపటికి బయటికి తీశారు. చెదలు పుట్ట పెట్టిన కొమ్మలా ఉంది. గొట్టం చుట్టూ వేలెడు మందాన తెల్లటి, బూడిదరంగు పెంకు, గోటితో గీకితే పొడి రాలుతోంది గానీ కింద పొర రాయే. వంపు తిరిగిన చోట గొట్టం నిలువునా చిట్లి, లోపలి తెల్లపొడి బయటికొచ్చి ఉంది.

అప్పుడు ఆయన చెబితే మొత్తం కథ ఒక వరసలోకి వచ్చింది. మా బోరు నీళ్లలాంటి కఠిన జలం వేడెక్కితే అందులో కరిగి ఉన్న కాల్షియం సున్నపు పెంకుగా విడిపోయి, అన్నిటికన్నా వేడిగా ఉన్నచోట అతుక్కుంటుంది, అంటే ఎలిమెంట్ మీదే. పెంకు సందుల్లో చిక్కుకున్న నీళ్లు ఆవిరై పగులుతుంటే వచ్చేదే ఆ గురగుర శబ్దం. పెంకు మందమైన కొద్దీ ఎలిమెంట్ వేడి నీళ్లలోకి పోదు, అక్కడే ఉడికిపోతుంది. పక్కనే ఉన్న కటౌట్ ఆ వేడికి పడిపోతుంది. అంటే ఆ మొదటి సోమవారం కటౌట్ చెడిపోలేదు, చెప్పాల్సింది చెప్పింది. కొత్త థర్మోస్టాట్ పెట్టినందువల్ల అదే ఎలిమెంట్ ఇంకొంచెం కాలి పూర్తిగా పోయింది.

ఎలిమెంట్ పక్కన ఇంకో రాడ్ ఉండాలి, మెగ్నీషియందట. ట్యాంక్ ఇనుము తుప్పు పట్టకుండా దాని బదులు తను కరిగిపోవడమే దాని ఉద్యోగం. మాదాంట్లో మధ్యలో సన్న తీగ తప్ప ఏం మిగల్లేదు. అలాంటిదొకటి ఉంటుందని, అది అరిగిపోతే మార్చాలని గీజర్ బిగించిన రోజున గానీ తర్వాత సర్వీసుకొచ్చినప్పుడు గానీ ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. ఇది కూడా పోయాక ఇంకొన్నాళ్లు అలాగే వదిలేస్తే అప్పుడు నిజంగానే ట్యాంక్ పోయేదన్నారాయన. లోపలి పెంకుని మాత్రం చేత్తోనే తోడారు. ట్యాంక్ లోపల గాజు పూత ఉంటుంది, ఇనుప చువ్వతో గీకితే అది పగిలి అక్కడినుంచే తుప్పు మొదలవుతుందట.

పార్టు దొరకడం ఇంకో ప్రహసనం. 2000 వాట్ల ఎలిమెంట్ కావాలంటే సరిపోదు, కింద బిళ్ల సైజు, బోల్టు రంధ్రాలు ఎన్ని, ఎంత దూరంలో ఉన్నాయి, థర్మోస్టాట్ దూరే గొట్టం పొడవెంత, ఇవన్నీ కలవాలి. మొదట తెచ్చిన దానికి రంధ్రాలు కలవలేదు. గీజర్ పక్కన అతికించిన స్పెసిఫికేషన్ స్టిక్కర్, పాత ఎలిమెంట్ రెండూ ఫొటో తీసి పంపితే శనివారానికి సరైనది తెప్పించారు. రబ్బరు వాషర్ విడిగా కొనాలి, దాంతోపాటు రాదు. పాతది మళ్లీ వాడితే కారుతుంది కాబట్టి అక్కడ పీనాసితనం వద్దు. ఎలిమెంట్, వాషర్, మెగ్నీషియం రాడ్, ఆయన కూలి అన్నీ కలిపినా కొత్త గీజర్ ధరలో నాలుగో వంతు దాటలేదు.

శనివారం సాయంత్రం బిగించారు. బోల్టులు వరసగా కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ పోయారు. తర్వాత మెయిన్ వాల్వు తిప్పి, వేడినీళ్ల కుళాయి తెరిచి పెట్టి, గాలి బుస్సుబుస్సుమని పోయి ధార నిలకడగా వచ్చేదాకా స్విచ్ దగ్గరికి ఎవర్నీ రానివ్వలేదు. ఖాళీ ట్యాంక్‌లో స్విచ్ వేస్తే కొత్త ఎలిమెంట్ అక్కడికక్కడే కాలిపోతుందట. స్విచ్ వేయగానే నేను మీటర్ దగ్గరికి పరిగెత్తాను, లైటు టకటకా మెరుస్తోంది. 25 లీటర్లు మామూలు వేడి నుంచి 60 డిగ్రీలకి రావడానికి 2000 వాట్లకి అరగంట పడుతుంది, సరిగ్గా అంతకే గీజర్ లైటు ఆరింది. ఆ లైటు ఆరితే అంత ఆనందపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆదివారం పొద్దున స్నానానికి వెళ్తే నీళ్లు గోరువెచ్చగా వస్తున్నాయి, అంతే. మళ్లీ టెన్షన్. కానీ గీజర్ నుంచి బయటికొచ్చే పైపు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. పెద్దాయనకి ఫోన్ చేస్తే ఆయన అక్కణ్నుంచే ఒక పరీక్ష చెప్పారు. గీజర్‌లోకి వెళ్లే చన్నీళ్ల వాల్వు కట్టేసి వేడినీళ్ల కుళాయి తిప్పండి, నీళ్లు ఆగిపోవాలి అన్నారు. (బిగుసుకుపోయిన ఆ వాల్వు కూడా శనివారమే మార్పించాం కాబట్టి కట్టగలిగాను.) ఆగలేదు, సన్నగా వస్తూనే ఉన్నాయి. గీజర్‌కి నీళ్లే వెళ్లనప్పుడు ఇవెక్కణ్నుంచి వస్తున్నట్టు? షవర్ మిక్సర్ లోపల వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే కార్ట్రిడ్జ్ అరిగిపోయి, చన్నీళ్లు దాంట్లోంచి వేడినీళ్ల పైపులోకి దాటిపోతున్నాయట. సోమవారం ప్లంబర్ వచ్చి కార్ట్రిడ్జ్ మార్చాక అదే పరీక్ష మళ్లీ చేశాం, కుళాయి ఠక్కున ఆగిపోయింది. స్నానం నీళ్లు చాన్నాళ్లకి నిజంగా వేడిగా వచ్చాయి.

ఇది కొత్తగా వచ్చిన లోపం కాదు. నీళ్లు సరిగ్గా కాగట్లేదని ఎన్నో నెలల క్రితమే మా ఇంట్లో థర్మోస్టాట్ చివరిదాకా తిప్పి పెట్టేశాం. ఎంత ఎక్కువ వేడి పెడితే పెంకు అంత తొందరగా కడుతుంది. అరిగిన మిక్సర్ వల్ల నీళ్లు చప్పబడటం, దానికోసం వేడి పెంచడం, దాంతో పెంకు కట్టడం, ఎలిమెంట్ పోవడం, ఈ గొలుసు మొత్తం అక్కడే మొదలై ఉండొచ్చని పెద్దాయన కూడా ఒప్పుకున్నారు. ఇప్పుడు 60 దగ్గర పెట్టాం. మరీ తగ్గించినా మంచిది కాదు, ట్యాంక్‌లో నీళ్లు 45 లోపు గోరువెచ్చగా నిలవుంటే లెజియోనెల్లా లాంటి బాక్టీరియా పెరుగుతుంది. అలాగని 60 డిగ్రీల నీళ్లు నేరుగా పడితే కొన్ని సెకన్లలోనే ఒళ్లు కాలుతుంది, పిల్లలుంటే చన్నీళ్లు ముందు తిప్పడం అలవాటు చేయాలి.

రిపేరయ్యాక ఇంకో చిన్న కంగారు: నీళ్లు కాగేటప్పుడు పక్కనున్న సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయి. అది లీకు కాదు. వేడెక్కితే నీళ్లు వ్యాకోచిస్తాయి, 25 లీటర్లకి లీటరులో మూడో వంతు దాకా పెరుగుతాయి, మాకు లోపలికొచ్చే దారిలో వెనక్కి పోనివ్వని వాల్వు ఉంది కాబట్టి ఆ ఎక్కువైనవి ఇటునుంచే పోవాలి. కాగడం ఆగాక కూడా ఆగకుండా కారితే అప్పుడు చూడాలి. ఆ చుక్కలు ఆగాలని దాన్ని మాత్రం ఎవరూ మూసేయకండి, ట్యాంక్ పేలే ప్రమాదం.

ఇక ఆ పాత థర్మోస్టాట్ సంగతి. పెద్దాయన దాని ఎర్ర బొడిపె నొక్కి మల్టీమీటర్‌కి కలిపితే బీప్ మంది, కొసని మరిగే నీళ్లలో ముంచితే టక్ మని తెగింది, చల్లార్చి, బొడిపె నొక్కి చూస్తే మళ్లీ కలిసింది. నిక్షేపంగా ఉంది. అదంతా వీడియో తీసి కంపెనీకి పంపి డబ్బులు వెనక్కి అడిగాను. వారం తర్వాత జవాబొచ్చింది: బిగించిన పార్టు వెనక్కి తీసుకోరట, కావాలంటే ఈసారి పిలిచినప్పుడు విజిటింగ్ చార్జీ వేయరట. మెగ్నీషియం రాడ్ ఎంత అరిగిందో చూడటానికి వచ్చే ఏడాది ఎవరినో ఒకర్ని ఎలాగూ పిలవాలి. పెద్దాయన నంబరు ఫ్రిజ్ మీద అంటించి పెట్టుకున్నాను.